డాబా మీద ఇత్తడి మేకు

నాగమల్లేశ్వరి పేరును ఢిల్లీలో తిన్నగా పలికినవాడు ఇరవై ఏళ్లలో ఒక్కడూ లేడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సంస్థ గుమాస్తా ఆ పేరును విడగొట్టి, నాగ ఒకరు, మల్లేశ్వరి ఇంకొకరు అనుకుని రెండు గుర్తింపు కార్డులు చేయించాడు. రెండో కార్డు ఇంకా ఆమె బీరువాలో ఉంది. ఆ తర్వాత అందరూ కలిసి ఆమెను నాగ్ మేడమ్ చేసేశారు. రేపల్లెలో పుట్టి, కాకినాడలో ఇంజనీరింగు చదివి, విమానాల లెక్కల్లో డాక్టరేటు తెచ్చుకుని, అంతా మగవాళ్లే ఉన్న విభాగంలో అడుగుపెట్టిన మనిషికి పేరు గురించి పేచీ పెట్టుకునే తీరిక ఎక్కడుంటుంది? పాఠాలు చెప్పుకోనిస్తే చాలుననుకుంది.

పాఠాలు బాగానే సాగాయి. ప్రమోషన్ దగ్గరే బండి ఆగింది. అసోసియేట్ ప్రొఫెసరుగా పదకొండేళ్లు. ప్రొఫెసరు పదవికి మొదటిసారి ఇంటర్వ్యూకు వెళితే, ఇంకా చిన్నవారు, తొందరేముందన్నారు. రెండోసారి వెళితే, ఈ వయసుకు ఇంకా ఎక్కువ పని కనిపించాలే అన్నారు. మధ్యలో ఆ సరైన వయసు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో ఆమెకెవరూ చెప్పలేదు. మూడో ఇంటర్వ్యూ 1999 ఫిబ్రవరి పన్నెండున పడింది. ఈసారి మాత్రం ఎవరూ కాదనలేని సరుకు ఆమె చేతిలో ఉంది. కనీసం జనవరి మూడో వారం దాకా ఉందనే అనుకుంది.

ఆ సరుకేమిటో చెప్పాలంటే ముందు ఆమె చేసే పని చెప్పాలి. ఆకాశంలో ఇరవైనాలుగు అమెరికా ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. అవి పంపే సంకేతాలను పట్టుకుని, మనం భూమ్మీద ఎక్కడున్నామో, ఎంత ఎత్తులో ఉన్నామో లెక్కకట్టి చెప్పే పెట్టెను రిసీవరు అంటారు. ఉచితంగా వస్తోంది కదా అని సంబరపడటానికి లేదు. వాళ్ల సైన్యానికి అసలు సరుకు, లోకానికి కల్తీ సరుకు. మామూలు జనం వాడే సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపి వదిలేవాళ్లు. ఆర్.కె. పురంలో ఇంటి ముందు నిలబడ్డవాణ్ణి రెండు బ్లాకుల అవతల నిలబెట్టేంత తప్పు. దాన్ని వదిలించుకోవడానికి లోకమంతా పట్టిన ఉపాయమే నాగమల్లేశ్వరీ పట్టింది. ఒకే సమయంలో రెండు పెట్టెలు రెండు చోట్ల పెడితే, ఆ తప్పు రెండింటికీ ఒకేలా తగులుతుంది. ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే తప్పు పోయి, ఆ రెండు చోట్ల మధ్య తేడా మాత్రం నిఖార్సుగా మిగులుతుంది. అయితే రెండు చోట్లూ ఎన్నేళ్లయినా కదలకూడదు.

అందుకే 1993లో ఆమె తన ల్యాబు పైన, డాబా మధ్యలో, ఒక ఇత్తడి మేకు దింపించింది. దాని తలమీద సూది మొనంత గుంట. చుట్టూ ఎర్ర రంగుతో గుండ్రటి గీత. పక్కనే, దయచేసి ఈ మేకును ముట్టుకోకండి అని ఇంగ్లీషులో రాయించింది, హిందీలో రాయించింది. డబ్బాలో ఇంకా కాస్త రంగు మిగిలితే, చూసేవాళ్లు ఎవరూ లేరు కదా అని, తానే వంగి కూర్చుని తెలుగులో కూడా రాసింది. ఢిల్లీ నడిబొడ్డున ఆ డాబా మీద తెలుగు చదివేవాళ్లు ఆమె, మరుసటి ఏడు చేరిన శిష్యుడు సుధీర్, అంతే. ముద్దుకు రాసుకుంది.

సుధీర్‌ది హనుమకొండ. మునిర్కాలో కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ తగిలే గదిలో అద్దెకుంటూ, ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాడు. 1996లో ఒక సర్వే ఆఫీసు వాళ్లు రెండు మంచి రిసీవర్లు ఆర్నెల్లకు అరువిచ్చారు. ఒక పెట్టె ముస్సోరీ దాటాక ఒక కొండ మీది రాతి స్తంభం మీద పెట్టి సుధీర్ కాపలా కూర్చున్నాడు. రెండోది ఢిల్లీ డాబా మీద ఇత్తడి మేకు మీద పెట్టి నాగమల్లేశ్వరి కూర్చుంది. మే నెలలో పదిహేను రోజులు, మళ్లీ ఆగస్టులో పదిహేను రోజులు కొలిచారు. సెప్టెంబరులో పెట్టెలు వెనక్కి ఇచ్చేసి లెక్కలు కడితే, ఆగస్టులో ఢిల్లీ మేకు పద్నాలుగున్నర సెంటీమీటర్లు పైకి లేచి కనబడింది.

మేకు లేవదు కదా. మరి లేచినట్టు ఎందుకు కనబడింది? గాలిలో తేమ ఉంటే సంకేతం కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని సరిచేయడానికి అమెరికా వాళ్లు పట్టికలు వేసి పెట్టారు. ఆ పట్టికలు వేసినవాళ్లు ఆగస్టులో ఢిల్లీ చూశారా? గోడ మీద చొక్కా ఆరేస్తే మూడు రోజులకీ ఆరని గాలి వాళ్లకు తెలుసా? తెలియదు. కనుక మన ఋతుపవనాలకు వేరే సవరణ కావాలి అని గురుశిష్యులు తేల్చారు. విదేశీ పత్రిక ఒకటి ఆ వ్యాసాన్ని అచ్చువేసింది. రెండేళ్లలో నాలుగు దేశాల వాళ్లు దాన్ని తమ వ్యాసాల్లో పేర్కొన్నారు. విభాగంలో దాన్ని నాగ్ కరెక్షన్ అని పిలవడం మొదలుపెట్టారు. సుధీర్ థీసిస్‌కు నడుం లాంటి అధ్యాయం అదే. వాళ్ల నాన్న బడిపంతులు. అమెరికా లెక్క తప్పని తేల్చిన హనుమకొండ యువకుడు అని స్థానిక పేపర్లో పడిన ముక్కను ఆయన ఫ్రేము కట్టించాడు.

నాగమల్లేశ్వరికి మాత్రం ఒక చిన్న కోరిక మిగిలిపోయింది. చలికాలంలో కూడా ఒకసారి కొలవాలి. పొడి గాలిలో ఆ మేకు మళ్లీ కిందికి దిగితే సవరణకు ఇక తిరుగుండదు. 1998 చివర్లో సంస్థ సొంతానికి రెండు రిసీవర్లు కొన్నది. జనవరి పొగమంచులో మళ్లీ కొండ మీద సుధీర్, డాబా మీద ఆమె. పదిహేను రోజులు కొలిచి లెక్క తీస్తే మేకు దిగలేదు. ఆగస్టులో ఎక్కడుందో అక్కడే కూర్చుంది.

సుధీర్ ప్రోగ్రాములో తప్పుందేమో అన్నాడు. ఆమె వారం రోజులు ప్రోగ్రామంతా దువ్వెనతో దువ్వినట్టు చూసింది. తప్పు లేదు. కొత్త పెట్టెల్లో తేడా ఉందేమో అన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. అదీ కాదు. ఇంటర్వ్యూ ఇరవై రోజుల్లోకి వచ్చింది. సుధీర్ వైవా మార్చిలో. ఆమెకు అన్నం సహించడం మానేసింది.

ఇది చూసి ఆమె భర్త జయచంద్ర ఒక శనివారం మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని ల్యాబుకు వచ్చాడు. ఆయన ఒక మంత్రిత్వశాఖలో అండర్ సెక్రటరీ. భార్య చదువు మీద గౌరవం, ఆ డాబా మీద పగ. పగకు కారణముంది. 1995లో ఒకసారి ఇలాగే వచ్చి, మెట్ల గది గడప దాటగానే డాబా అనుకున్నదానికన్నా కిందుంటే, పాదం మెలిపడి పదిరోజులు కుంటాడు. ఆమె డాబా మీదుందని తెలిసి పైకెక్కి, ఈసారి జాగ్రత్తగా గుమ్మం పట్టుకుని, పాదాన్ని లోతుకు దించాడు. పాదం లోతుకు వెళ్లకముందే నేల ధభీమని తగిలి మోకాలు కదిలింది.

"ఇదేమిటి మల్లీ, ఇక్కడ దిగుడు ఉండాలి కదా," అన్నాడు మోకాలు రుద్దుకుంటూ.

"ఏ దిగుడు?"

"నా కాలు విరగ్గొట్టిన దిగుడు. అది నేను చచ్చేదాకా మర్చిపోను."

నాగమల్లేశ్వరి గడప దగ్గరికి వెళ్లి నిలబడింది. అవును. అక్కడ దిగుడు ఉండేది. రోజూ ఆ గడప దాటే తన పాదం, కొత్త ఎత్తుకు ఎప్పుడో అలవాటు పడిపోయింది. అలవాటు పడ్డానని తలకు చెప్పలేదు. గడపకూ డాబాకూ మధ్య ఇప్పుడు వేలు మందం తేడా లేదు. ఆమె గోడవారగా వానతూము వెతికింది. తూము నోరు సగం పైగా గచ్చులో పూడిపోయి ఉంది. జయచంద్ర ఏదో అడుగుతున్నాడు గానీ ఆమెకు వినబడలేదు.

ఆ డాబా కారేది. కింద ఉన్న కంప్యూటర్ల మీద నీళ్లు పడుతున్నాయని 1994 నుంచి మరమ్మతుల విభాగానికి ఉత్తరాలు రాసింది ఆమే. పదిహేడు ఉత్తరాలు. చివరికి 1996 జూన్ సెలవుల్లో, ఆమె రేపల్లెలోనూ సుధీర్ హనుమకొండలోనూ ఉన్నప్పుడు, వాళ్లొచ్చి పని చేసిపోయారు. జూలైలో తిరిగొచ్చి నున్నటి కొత్త గచ్చు చూసి ఆమె మురిసిపోయింది. పాత నేల మీద పైపూత పూశారనుకుంది. కృతజ్ఞతలు తెలుపుతూ పద్దెనిమిదో ఉత్తరం కూడా రాసింది. మేకు ఉందా అని చూసింది. ఉంది. చుట్టూ గీత ఉంది. మూడు భాషల అక్షరాలూ కొత్త రంగుతో మెరుస్తున్నాయి. సుధీర్ దిద్దాడు కాబోలు అనుకుంది. మేడమ్ దిద్దారు కాబోలు అని సుధీర్ అనుకున్నాడు. ఒకరినొకరు అడగాలని ఇద్దరికీ తోచలేదు.

సోమవారం పొద్దున్నే ఆమె మరమ్మతుల విభాగానికి వెళ్లి, ఆ పని చేసిన మేస్త్రీ ఎవరని అడిగింది. ఏదైనా ఫిర్యాదేమో అని వాళ్లు భయపడి అప్పటికప్పుడు అతన్ని పిలిపించారు. యాభై ఏళ్ల మనిషి, తలకు మఫ్లరు, మోచేతుల దాకా సిమెంటు దుమ్ము. పేరు అంకయ్య. దర్శి దగ్గర పల్లెటూరు. డాబా మీదికి రాగానే మేకు వైపు చూసి నవ్వాడు.

"ఈ తెలుగు రాసింది మీరేనామ్మా? ఎవురో పెద్దమనిషి అనుకున్నా."

"నేనే. ఈ మేకును ఏం చేశావు మేస్త్రీ?"

"ఏం చేశానని అడుగుతున్నారా? కాపాడినా," అన్నాడు అంకయ్య. "ఠేకేదారు, అదే మా కంట్రాక్టరు, దీన్ని పీకి అవతల పారెయ్యమన్నాడు. నేను వంగి చూద్దును కదా, తెలుగు. ఢిల్లీ వచ్చి అప్పటికి ఆరేళ్లు. బస్సు మీద రాసింది నాకు తెలవదు, కొట్టు మీద రాసింది తెలవదు. ఇక్కడ ఎవురో కూర్చోబెట్టి నాతో మాట్టాడినట్టు అనిపించింది. దాన్ని ఎట్టా పారేసేది?"

"మరి గచ్చు ఎలా పోశావు?"

"అదే కదమ్మా చెప్తా ఉండా. నాలుగు పిట్టగోడల మీద నాలుగు గుర్తులు పెట్టి, రెండు దారాలు అడ్డంగా లాగినా. రెండూ కలిసే కాడ తూకం గుండు దించితే సరిగ్గా ఈ మేకు నెత్తిన, ఆ సూది గుంటలో పడాల. ఆ రకంగా చూసుకున్నా. పనయినాక మళ్లీ అదే గుర్తుల మీద దారాలు లాగి, గుండు కొన యాడ దిగిందో ఆడ కూర్చోబెట్టినా. రంగు కూడా తెచ్చి, మూడు రకాల అక్షరాలూ ముందే కాగితం మీద దించుకున్నా కాబట్టి, ఉన్నవి ఉన్నట్టు రాసినా. ఆ రెండు భాషల్లో ఏముందో నాకు తెలవదు. బొమ్మ గీసినట్టు గీసినా. వెంట్రుకవాసి పక్కకి పోలేదమ్మా. కావాలంటే కొలుచుకోండి."

"కొలిచాం," అంది నాగమల్లేశ్వరి. "ఆగస్టంతా కొలిచాం. పోలేదు."

అంకయ్య ముఖం వెలిగిపోయింది. ఆమె అడిగింది. "ఎత్తు ఎంత లేచింది?"

"ఇటుకముక్కలు నాలుగున్నర అంగుళాలు, పైన గచ్చు ఒక అంగుళం. అయిదున్నర."

ఆమెకు కాగితం అక్కర్లేదు. అయిదున్నర అంగుళాలంటే పద్నాలుగు సెంటీమీటర్లు. నాలుగు దేశాల వాళ్లు తలలూపిన నాగ్ కరెక్షన్ ఋతుపవనాలది కాదు. దర్శి మేస్త్రీ పరిచిన ఇటుకముక్కలది.

"ఏమన్నా తేడా వచ్చిందామ్మా?" అన్నాడు అంకయ్య, ఆమె ముఖం చూసి.

"లేదు. బాగా చేశావు," అంది. అది నిజమే. పూర్తి నిజం కాదని ఆమెకు తెలుసు. అతను సంతోషంగా మెట్లు దిగిపోతుంటే ఆమె ఆ ఎర్రటి గీత పక్కన చాలాసేపు కూర్చుండిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

ఆ సాయంత్రం ఆర్.కె. పురం క్వార్టర్లో జయచంద్ర మొత్తం విన్నాడు. మనిషి మంచివాడు. అయితే పాతికేళ్లుగా ఫైళ్ల మధ్య బతికినవాడు.

"ఎన్ని రోజులుంది?"

"పదకొండు."

"పన్నెండో తారీఖు దాకా నోరు విప్పకు. పదమూడున ఆ పత్రిక వాళ్లకు ఉత్తరం రాయి, తప్పు దొర్లిందని. ఎవరూ వేలెత్తి చూపరు. ఆ పదకొండు రోజుల్లో ఏ విమానం కూలదు, ఎవరి కొంపా మునగదు."

"పదమూడున రాయాల్సింది పన్నెండున దాచినట్టే కదండీ."

"అడగనిది చెప్పకపోవడం దాచడం కాదు మల్లీ."

"అడుగుతారు. మొదటి ప్రశ్న దాని గురించే అడుగుతారు. నా దగ్గర అడగడానికి వేరే ఏముంది?"

 పదకొండేళ్లుగా ఆమె తన బయోడేటాను ఎన్నిసార్లు తిరగరాసిందో, ప్రతిసారీ టైపు చేయించి తెచ్చింది జయచంద్రే. పక్క గదిలో ప్లస్ టూ చదువుతున్న కూతురు నవ్యశ్రీ తలుపు సందులోంచి, "మమ్మీ, చెప్పేసెయ్ నా. తర్వాత తెలిస్తే ఇంకా బురా లగేగా," అంది. వీళ్లమ్మాయికి తెలుగు అంతా అర్థమవుతుంది, నోట్లోంచి వచ్చేటప్పుడే దారి తప్పుతుంది. జయచంద్ర కూతురి వంక కోపంగా చూసి, చపాతీ పిండి కలపడానికి లేచాడు.

నాగమల్లేశ్వరిని నిజంగా కుదిపింది తన పదవి కాదు, సుధీర్. ఆమె పరువు ఆమె ఇష్టం, పారేసుకోవచ్చు. అతని అయిదేళ్ల చదువును పారేసే హక్కు ఆమెకుందా? మర్నాడు ల్యాబులో తలుపు వేసి అతనికి అంతా చెప్పింది. సుధీర్ మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"మనం చెప్పకపోతే ఎవరికి తెలుస్తది మేడమ్?"

"అంకయ్యకు తెలుసు."

"ఆయనకేం ఎరుక? ఆయన గచ్చు పోసిండు, అంతే."

"అయిదున్నర అంగుళాలని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు సుధీర్. మనిద్దరం రెండేళ్లు చెప్పలేకపోయాం."

సుధీర్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "మా నాన్నకు ఏం చెప్పాలె?" అన్నాడు.  డాబాను చూసుకోవాల్సిన పూచీ నాది, నీది కాదు, ఎక్కడైనా అలాగే రాస్తాను, చెబుతాను అంది. అతను విన్నాడో లేదో తెలియదు. సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. మరుసటి రోజు రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. మునిర్కాలో ఇంటివాళ్లకు ఫోను చేయిస్తే గదికి తాళం ఉందన్నారు. నా చేతులతో పెంచిన పిల్లాడిని నేనే ముంచాను అని ఆమె మనసు పీకింది. అయినా పదో తారీఖున విదేశీ పత్రికకు ఉత్తరం రాసి, తానే పోస్టాఫీసుకు వెళ్లి రిజిస్టరు చేసింది. పన్నెండు దాకా ఆగితే తాను మెత్తబడతానని ఆమెకు తన సంగతి తెలుసు.

పన్నెండు పొద్దున ఆమె కంచి చీర కాకుండా రోజూ కట్టే నూలు చీరే కట్టుకుంది. కమిటీ గది బయట బల్ల మీద కూర్చుని ఉండగా, మెట్ల మీంచి సుధీర్ ఆయాసపడుతూ వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. చేతిలో ఒక కాగితం, ఇంకో చేతిలో మేస్త్రీలు వాడే ఇనుప టేపు.

"ఎక్కడికి పోయావు?" అంది.

"ఎక్కడికీ పోలేదు మేడమ్. దోస్తు గదిల ఉన్న. పొద్దుమాపు అదే సోచాయించిన." కాగితం ఆమె ఒళ్లో పెట్టాడు. "నిన్న అంకయ్యను పట్టుకుని వానతూము కాడ పాత నేల గుర్తు దొరికించుకున్న. తూము లోపల పాత గచ్చు అంచు ఇంకా ఉన్నది. టేపుతోని కొలిస్తే పద్నాలుగు సెంటీమీటర్లు. మనం కొండ మీదికెళ్లి కొలిచింది పద్నాలుగున్నర. అర సెంటీమీటరు తేడా, అంతే. మనకు తెల్వకుంటనే కొలిచినం. అంటే అమెరికా వాళ్ల పట్టిక మన వానాకాలంల గూడ మంచిగనే పనిచేస్తున్నది. తప్పు మనదే, కొలత మాత్రం తప్పు కాదు."

ఆమె కాగితం వైపు చూసింది, అతని వైపు చూసింది. కళ్లు మసకబారాయి. లోపలినుంచి పిలుపు వచ్చింది.

లోపల అయిదుగురు. అధ్యక్షుడు తెల్ల మీసాల పెద్దాయన. వ్యాసం ప్రతి ఆయన ముందే ఉంది. కుశల ప్రశ్నలయ్యాక, "మీ ఋతుపవన సవరణ గురించి చెప్పండి మేడమ్. దీన్ని ఇంకా ఎలా విస్తరించాలనుకుంటున్నారు?" అన్నాడు.

"సర్, ఆ సవరణ తప్పు," అంది నాగమల్లేశ్వరి. "ఆ పద్నాలుగున్నర సెంటీమీటర్లు తేమ వల్ల వచ్చినవి కావు. మా డాబాకు కొత్త గచ్చు పోశారు. నేను చూసుకోలేదు. పత్రికకు రెండు రోజుల క్రితం ఉత్తరం రాశాను. నా విద్యార్థికి ఇందులో తప్పు లేదు. డాబా మీద మేకును కనిపెట్టుకోవాల్సింది నేను."

 ఒకాయన పగలబడి నవ్వాడు. ఇంకిద్దరు కలిశారు. ఆమె చెవులు మండిపోయాయి. నవ్వు తగ్గేదాకా ఆగి, సుధీర్ కాగితం అధ్యక్షుడి ముందు పెట్టింది. రెండు వందల కిలోమీటర్ల అవతలి కొండ మీంచి, ఏం వెతుకుతున్నామో తెలియకుండానే, ఒక మేస్త్రీ పరిచిన గచ్చు మందాన్ని అర సెంటీమీటరు తేడాతో కొలిచాం, ఇక నేను చెప్పుకోగలిగింది ఇంతే అంది. చివర కూర్చున్న బక్కపలచటి ఆయన ఒక్కడు నవ్వలేదు. కాగితం తన వైపు లాక్కుని, పెన్సిలుతో లెక్క సరిచూసుకుంటూ కూర్చున్నాడు.

పదవి రాలేదు. వారం తర్వాత చిన్న ఉత్తరం వచ్చింది. అచ్చయిన ప్రధాన వ్యాసాన్ని అభ్యర్థి స్వయంగా ఉపసంహరించుకున్న కారణంగా ఈసారి పరిశీలించలేకపోయామని, మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చునని. జయచంద్ర ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, "అందులో స్వయంగా అన్న మాట ఉంది చూడు," అన్నాడు.  ఆ రాత్రి ఆయనే వంట చేశాడు. నాగమల్లేశ్వరికి బాధ లేదంటే అబద్ధం. పదకొండేళ్ల బాధ. బాత్రూములో కుళాయి తిప్పి కాసేపు ఏడ్చింది.

సుధీర్ థీసిస్‌లో ఆ అధ్యాయం మార్చి రాయమని ఆరు నెలలు గడువిచ్చారు. ఇంటికి ఫోను చేసి చెబితే వాళ్ల నాన్న అంతా విన్నాడట. చివరికి, గోడ మీది ఫ్రేము తియ్యను, దాని పక్కన ఇంకోటి పెట్టనీకి జాగ ఉంచిన, అన్నాడట.

ఏప్రిల్లో డాబా మీద మేకు తీసేసి, గచ్చుతో సంబంధం లేకుండా స్లాబులోంచే లేచే చిన్న సిమెంటు స్తంభం కట్టించాలని నిర్ణయమైంది. అంకయ్య వచ్చాడు. పని మొదలుపెట్టకముందు నాగమల్లేశ్వరి అతన్ని నీడలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, జరిగిందంతా చెప్పింది. ఉపగ్రహాల సంగతి ఎంత అర్థమైందో గానీ, ఆమెకు రావాల్సింది ఒకటి పోయిందని మాత్రం అతనికి అర్థమైంది. గ్లాసు కింద పెట్టేశాడు.

"నా వల్ల ఎంత పనయిందమ్మా. ఆ రోజు మీకు ఒక్క మాట చెప్పుంటే..."

"ఎక్కడని వచ్చి చెబుతావు? నేనెవరో నీకు తెలియదు. నువ్వు కనబడేలా రంగు వేసి వెళ్లావు. దీన్ని దిద్దిందెవరని నేను అడగాలి. అడగలేదు."

 అంకయ్య లేచి మఫ్లరు నడుముకు బిగించి, దారాలు లాగి, గుండు దించాడు. పాత మేకు నెత్తి మీద గుండు కొన నిలిచేదాకా ఊపిరి బిగపట్టాడు. ఆమె వెళ్లబోతుంటే అడిగాడు.

"స్తంభం ఎంత ఎత్తు లేపమంటారమ్మా?"

"నీ ఇష్టం మేస్త్రీ. ఎంత లేపావో నాకు చెప్పు, చాలు."

సాయంత్రం నాలుగింటికి ఆమె క్లాసులో ఉంది. నలభై మంది పిల్లలు, బోర్డు నిండా లెక్కలు. గుమ్మంలో అంకయ్య వచ్చి నిలబడ్డాడు, కాళ్లకు తడి సిమెంటుతో. తొమ్మిదేళ్లలో ఆ భవనం పైకప్పు ఎక్కాడే గానీ క్లాసు గదిలోకి తొంగి చూసింది లేదు. పిల్లలందరూ తిరిగి చూశారు. అతను వెనక్కి తగ్గలేదు.

"రెండడుగుల ఏడంగుళాలమ్మా," అన్నాడు తెలుగులో, అందరికీ వినపడేలా.

నాగమల్లేశ్వరి ఆ అంకెను బోర్డు మూల రాసుకుంది. క్లాసు అయిపోగానే టేపు తీసుకుని, అతని వెంట డాబా ఎక్కి, తానే కొలిచి చూసుకుంది.